మెట్లెన్ని అని అడిగినవాడు

బస్సు వచ్చేది పదకొండూ నలభైకి. రేలీన్ పదీ నలభైకే వచ్చి బేకరీలో మూల బల్ల దగ్గర కూర్చుంది. వీపు వెనక గోడ, ఎదురుగా గాజు తలుపు, పక్కన కిటికీ, కిటికీలోంచి రోడ్డవతల బస్సు ఆగే చోటు, దానికీ వెనకాల ఊరంతటికీ కనబడే సీసం కర్మాగారం పొగగొట్టం. ముందు తను చూడాలి, ఆ తరువాతే ఎవరైనా తనను చూడాలి, అరవై నాలుగేళ్ళు వచ్చాక ఆ మాత్రం తెలివి ఉండొద్దూ. ముదురు రంగుది, దూరానికి కొట్టొచ్చినట్టు కనబడేది ఏదైనా వేసుకురా అని రాశాడు ఆ బస్సులో వచ్చే మనిషి. అలా రాశాడనే బీరువాలో అన్నిటికంటే వెలిసిపోయిన బూడిదరంగు చొక్కా ఏరి మరీ తొడుక్కుంది, బేకరీ గోడదీ అదే రంగు. కంప్యూటర్‌లో వస్తువులు వెతికే ఆటలకు బొమ్మలు గీసేవాళ్ళు చేసే దొంగపని ఇదే కదా, బూడిదరంగు గోడ మీద బూడిదరంగు తాళంచెవి గీసి, పైన ఇంత నీడ పులిమి, ఇక వెతుక్కో అంటారు. ఎన్నిసార్లు తిట్టుకుందో వాళ్ళను. ఈరోజు తనే గోడలో కలిసిపోయి కూర్చుంది. "ఎవరికోసమైనా చూస్తున్నావా తల్లీ?" అంది బేకరీ ఆవిడ టీ కప్పు పెడుతూ, "లేదే" అని నోటికి ముందే అబద్ధం వచ్చేసింది. ఎడారి మీదుగా వచ్చే ఉత్తరపు వేడిగాలి రోడ్డు మీద దుమ్ము లేపుతోంది, ఇక్కడి నడివేసవి, ఫిబ్రవరి ఎండ, ఈ ఎండలో పొరుగూరి నుంచి ముక్కూ మొహం తెలియనివాడు బస్సెక్కి వస్తున్నాడంటే ఏదో కావాలి వాడికి, ఏమీ అక్కర్లేకుండా ఎవరొస్తారు.

ముక్కూ మొహం తెలియదు అనడం కూడా సబబు కాదు, తొమ్మిదేళ్ళుగా తెలుసు. తెర మీద అతని పేరు పాత లాంతరు, ఊరి పేరు కలిపి తన పేరు పిరీ పిట్ట, వస్తువులు వెతికే ఆటలు ఆడేవాళ్ళ ఫోరంలో వాళ్ళిద్దరూ రాసిన దారిచూపు పుస్తకాలే నూట యాభైకి పైన ఉంటాయి. కొత్త ఆట రావడమే ఆలస్యం, ఇద్దరూ మొదలుపెట్టి, ఏ గదిలో ఏది ఎక్కడుందో, ఏ చిక్కుముడి ఎలా విప్పాలో రాసి పెడితే, ఎక్కడెక్కడి ఆడవాళ్ళో, రిటైరైన పోస్ట్‌మ్యాన్లో, నైట్ డ్యూటీ నర్సులో వచ్చి చదువుకుని బతికాం తల్లీ అని రాసేవాళ్ళు. కళ్ళు తనవి, బుర్ర అతనిది. చెత్తతో నిండిన అటక బొమ్మ ఒకటి తెర మీదికి రాగానే పన్నెండు వస్తువులూ ముప్పావు నిమిషంలో ఏరేసేది తను. అది వెతకడం కాదు, ఎలా చెప్పాలో తెలియదు, చూపు వదులుగా పెట్టి ఊరుకుంటే ఆ గందరగోళంలోంచి కత్తెర తనంతట తాను పైకి తేలి వస్తుంది, నేనిక్కడున్నా అన్నట్టు, ఆ తేలడం కోసమే ఇన్నేళ్ళూ ఆడింది. ఇక పళ్ళచక్రాలు జరపడం, గాజుపలకలు అటూ ఇటూ తోయడం, అవంటే ఒళ్ళుమంట, అవి అతని పని. మిగతా విషయాల్లో ఎప్పుడూ పోట్లాటే. ఆట తయారుచేసినవాడు చిట్టాలో తీగ అని ఇస్తాడు, నువ్వు గోడ మీద పాకే తీగ కోసం గంటసేపు కళ్ళు చించుకుంటావు, తీరా అది వయొలిన్ తీగ, ఇదేం న్యాయం లాంతరూ అని తను రాస్తే, అలా రెండర్థాలుంటేనే కదా పిట్టా మజా, లేకపోతే కూరగాయల చిట్టాకీ దీనికీ తేడా ఏముంది అని అతను. నిచ్చెన ఎదురుగా గోడకు ఆనించి ఉంటుంది, దాన్ని ముట్టుకోనివ్వడు, పైకెక్కడానికి మూడు ముక్కలైన చంద్రుడి బిళ్ళ మూడు ఇళ్ళలో వెతికి తెమ్మంటాడు, సొరుగుకు చంద్రుడి తాళం వేసుకునేవాళ్ళు ఎవరు ఈ భూమ్మీద. తాడు కొయ్యడానికి కత్తి దొరుకుతుంది, ఒక్కసారి కోయగానే విరిగిపోతుంది, మళ్ళీ ఇంకో తాడుకు ఇంకో కత్తి. చిరాకేసి తెర మీద ఎక్కడపడితే అక్కడ పొడిచావా, బాణం గుర్తు గిర్రున తిరిగి పది క్షణాలు నీ చెయ్యి కట్టేస్తుంది. అయినా చివరికి ఒక మర్యాద ఉంది ఆ ఆటల్లో. ఏం వెతకాలో ముందే చెబుతారు. వెతకమన్నది తప్పకుండా అక్కడే ఉంటుంది. లేనిదాన్ని వెతకమనరు.

ఇంట్లో అలా ఎవరూ చిట్టా ఇవ్వలేదు. మందుల షాపులో ఆ పిల్ల, ఎంత మామూలుగా అడిగిందీ, "మీ పాపకు చెవినొప్పి తగ్గిందామ్మా?" అని, పాప ఏమిటి, తనకు పిల్లలే లేరు, ఇంటిపేరు చూసి అడిగింది ఆ పిల్ల, ముందురోజు తన మొగుడు వారెన్ వచ్చి నాలుగేళ్ళ పాపకు చుక్కలమందు పట్టుకెళ్ళాడట. ఆ పాపా వాళ్ళమ్మా ఉండే క్రిస్టల్ బ్రూక్ ఎంత దూరం ఇక్కడికి, కారులో అరగంట లేదు. ఏడేళ్ళు. ఏడేళ్ళు కర్మాగారంలో రెండు షిఫ్టులని చెప్పి, ఒక షిఫ్టు అక్కడ చేశాడు. అన్నీ కళ్ళముందే ఉన్నాయి, అదీ తట్టుకోలేనిది. కారు సొరుగులో గులాబీరంగు జడ రబ్బరు, తనే చూసింది, చూసి మళ్ళీ అక్కడే పెట్టింది. డిక్కీలో చిన్నపిల్లలు ఈతకు చేతులకు తొడుక్కునే గాలిపట్టీలు, తోటి పనివాడెవరి పిల్లలవో కాబోలు అనుకుంది. బూట్లలో ఇసుక. కొత్తగా అలవాటైన పాట ఒకటి, స్నానం చేస్తూ ఈలవేసేవాడు, చిన్నపిల్లల పాట. అన్నేసి ఆటల్లో అటకలూ నేలమాళిగలూ గాలించిన కళ్ళు, సొంత కారు సొరుగులో దొరికినదాన్ని వస్తువుగానే లెక్కపెట్టలేదు, ఎందుకంటే వెతకమని ఎవరూ చెప్పలేదు. వారెన్ పెట్టె సర్దుకుని వెళ్ళిపోయి ఆరేళ్ళు. అప్పట్నుంచి ప్రతిదీ వెతుకులాటే, పాలవాడు నవ్వితే ఎందుకు నవ్వాడు, పక్కింటావిడ కేకు తెస్తే ఏం దాస్తోంది. అప్పుడు మూడువారాలు ఫోరం మొహం చూడలేదు తను. లాంతరు మాత్రం రోజూ ఒక్క ముక్క రాసేవాడు: నాలుగో గదిలో ఇరుక్కుపోయాను పిట్టా, నువ్వొస్తేగాని కదలను. ఆ నాలుగో గది అతను గంటలో దాటేసి ఉంటాడని తనకు తెలుసు. ఏమైందని అడగలేదు. ఆ అడగకపోవడమే అప్పుడు ప్రాణం నిలబెట్టింది, ఇప్పుడేమో అదీ అనుమానంగానే ఉంది, ఏమీ అడగనివాడికి ముందే అంతా తెలిసి ఉండాలి కదా.

బల్ల మీద ఫోన్ గిలగిల కొట్టుకుంది. చెల్లెలు కోరల్, వయల్లా నుంచి.

"ఏమే, వచ్చాడా నీ లాంతరు?"

"ఇంకా లేదు. బస్సు లేటు."

"దూరంనుంచి చూసుకో ముందు, వెలుగుతోందో, ఉత్త పొగేనో. ఫొటో పంపమంటే పంపలేదు, మొహం చూపించి మాట్లాడమంటే కెమెరా నాకెందుకూ పనికిరాదన్నాడు. అసలు మనిషేనా వాడు, లేక ఏ గదిలోనో కూర్చుని పదిమంది ఆడవాళ్ళకు ఒకేసారి రాసే రకమా?"

"తొమ్మిదేళ్ళలో నన్ను ఏదీ అడగలేదే."

"వారెన్ మాత్రం ఏం అడిగాడే నిన్ను?" అంది కోరల్, అని నాలిక కరుచుకుంది కాబోలు. "సరే. పిచ్చిపిచ్చిగా ఏమన్నా అనిపిస్తే వెనక గుమ్మంలోంచి వచ్చెయ్. బేకరీలకు వెనక గుమ్మం ఉంటుంది."

ఉంది, రాగానే చూసుకుంది. కోరల్‌కు చెప్పనివి ఇంకా ఉన్నాయి. చెబితే రావద్దనేది. ఏడాదిగా ఆ మనిషి మారిపోయాడు. కొత్త ఆట వచ్చిన నాలుగు నిమిషాలకల్లా మొదటి గది నాదే అని అరిచేవాడు, ఏడాదిగా ఒక్క వస్తువూ ముందుగా అతను కనిపెట్టలేదు. అన్నీ తననే అడుగుతాడు. ఎడమ గోడకు ఏముంది, ఏ రంగు, దాని పక్కన, దాని కింద, కుండ మూతి పగిలి ఉందా. చెప్పగా చెప్పగా విసుగొచ్చి, నీకు కళ్ళు లేవా అని కూడా రాసింది ఒకసారి, దానికి జవాబు రాలేదు రెండు రోజులు. రాత కూడా మారింది. కామా లేదు, చుక్క లేదు, మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ, తాళం చెవి అనబోయి తాళం చవి అంటాడు, గోడకున్న మేకను పీకి పెట్టెలో పెట్టు అని రాశాడు ఒకరోజు, మేకు అనబోయి మేక. పాత లాంతరు ఒక అక్షరం తప్పు రాసేవాడు కాదు. అంటే ఆ పేరు మీద ఇప్పుడు రాస్తున్నది ఇంకెవరో. అతను చచ్చిపోయాడేమో, ఏ తమ్ముడి చేతికో పడిందేమో ఆ పేరు, పాత ఉత్తరాలన్నీ చదివి తన సంగతులన్నీ నేర్చుకుని ఉంటాడు. చివరికి పోయినవారం అడిగినవి: బస్సు దిగాక బేకరీ ఏ చేతివైపు, తలుపు గాజుదా చెక్కదా, లోపలికి తెరుచుకుంటుందా బయటికా, గుమ్మం ముందు మెట్లెన్ని. మెట్లెన్ని! టీ తాగడానికి వచ్చేవాడికి మెట్ల లెక్క ఎందుకు, ఎలా పారిపోవాలో చూసుకునేవాడికి తప్ప. అప్పుడే ఒక ఉచ్చు వేసింది తను. ఉన్నవి రెండు మెట్లు. నాలుగు అని రాసింది. ముందే ఎవరినైనా పంపి చూసుకున్నాడంటే, అబద్ధం చెప్పావే అని ఎక్కడో ఒకచోట బయటపడతాడు. ధన్యవాదాలు నాలుగు మెట్లు గుర్తుపెట్టుకుంటాను అని వచ్చింది జవాబు, కామా లేకుండా. ఎంత వినయమో.

పావుగంట ఆలస్యంగా వచ్చింది బస్సు, గాలి పోతున్న టైరులా నిట్టూరుస్తూ. రేలీన్ కప్పు ముందు నుంచి కదలలేదు. నడుముకు సంచి కట్టుకున్న పిల్ల దిగింది. నారింజరంగు చొక్కాల గనివాళ్ళు ఇద్దరు. టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి, ఇతనే, చేతిలో పెట్టె, నున్నగా గీసిన గడ్డం, అనుకున్నంతా అయింది, ఆడవాళ్ళను మోసం చేసేది ఇలాంటివాళ్ళే, కానీ అతను ఎవరిదో ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు. ఆఖరున డ్రైవరు తన సీటు దిగి వచ్చి, ఒక మనిషి మోచెయ్యి పట్టుకుని దింపాడు. డెబ్భై దాటినవాడు, పొట్టి, కోడిగుడ్డు పచ్చసొనలా పసుపుపచ్చ చొక్కా, తనను వేసుకురమ్మన్నట్టే దూరానికి కొట్టొచ్చినట్టు కనబడే రంగు. అతను డ్రైవరుతో ఏదో అని నవ్వి, ఒక్కడే నిలబడి, బేకరీ వైపు కాకుండా పక్కనున్న పాతబట్టల షాపు వైపు ఓరగా చూశాడు. తరువాత తల తిప్పి ఇంకోవైపు ఓరగా. చూశావా, ఎవరైనా గమనిస్తున్నారేమోనని, దొంగచూపు అంటే అదే, నేరుగా ఒక్కదాన్నీ చూడడు. రేలీన్ చెయ్యి సంచి పట్టీ మీదికి వెళ్ళింది, వెనక గుమ్మం ఎనిమిది అడుగులు. అప్పుడతను భుజాన ఉన్న సంచీలోంచి ఏదో తీసి విదిలించాడు. మూడు మడతలు ఒక్కొక్కటే టక్కున కలిసి, తెల్లటి కర్ర అయింది.

ఆ తరువాత క్షణంలో ఏం జరిగిందో రేలీన్ చాలారోజులు చెప్పలేకపోయింది. మేక, తాళం చవి, ఎడమ గోడకు ఏముంది, కెమెరా నాకెందుకూ, ముదురు రంగుది వేసుకురా, అన్నీ ఒకేసారి వచ్చి మీదపడ్డాయి, చేతులతో రాయడం లేదు, నోటితో చెబుతున్నాడు ఫోనుకు, నీకు కళ్ళు లేవా అని తనే రాసింది. లేవాలి. లేవలేదు. లేస్తే చాలు, తలుపు తెరిచి పిలిస్తే చాలు, కానీ కాళ్ళు ఇంకా పాత సంగతే నమ్ముతున్నాయి, నాటకమేమో, తెల్లకర్ర ఎవరైనా కొనుక్కోవచ్చు, ఇంకొంచెం చూద్దాం. రోడ్డు దాటాడు, కారు ఒకటి ఆగి దారిచ్చింది. కర్రతో గోడ తడుముకుంటూ వచ్చాడు. మొదటి మెట్టుకు కర్ర తగిలింది. పెదాలు కదులుతున్నాయి, గాజులోంచి కనబడుతోంది. ఒకటి. రెండు. ఇక మెట్టు లేదని కర్ర చెప్పే ఉంటుంది, అయినా కర్రను కాదని తన మాటనే నమ్మి, మూడోదాని కోసం కాలు పైకెత్తి, గట్టిగా గాలిలో వేశాడు. మనిషి మొత్తం ముందుకు వచ్చి గాజు తలుపుకు కొట్టుకున్నాడు. బేకరీ ఆవిడ అయ్యో అంది. రేలీన్ కుర్చీ వెనక్కి పడింది.

అతను పడలేదు, తలుపు చట్రం దొరికింది చేతికి. నుదురు మీద ఎర్రగా గీత. తలుపు తీసి మోచెయ్యి పట్టుకుని, మూల బల్ల దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. అతనే అన్నాడు. "పిట్టవేనా?"

"అవును."

"ఆగు. మా మేనకోడలు ఒట్టు వేయించుకుంది, అడగందే టీ తాగనని. మనం కలిసి తేల్చిన మొదటి ఆటలో ఇనుప తాళంచెవి ఎక్కడుంది?"

అదే ప్రశ్న తనూ అడగాలని వారంగా దాచుకుంది. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. "గడ్డి కూరిన మొసలి నోట్లో. నువ్వు చేప అని రాస్తే, ఫోరమంతా చేప వెతికి చచ్చారు."

"ఆ బొమ్మ చూస్తే అది చేపే. ఇప్పటికీ చేపే అంటాను," అన్నాడతను, పక్కకు చూస్తూ. చూస్తూ ఉన్నట్టుండి చెప్పాడు, మెల్లగా, నేరాన్ని ఒప్పుకున్నట్టు. పేరు మెర్విన్. చూపుకు నడిమధ్య మచ్చ పడిపోయింది, అంచులే మిగిలాయి. "నిన్ను చూడాలంటే నీ వైపు చూడకూడదు నేను. ఇదిగో, ఇలా కిటికీ వైపు తిరిగితే నువ్వొక నీడలా ఉన్నావు. ముదురు రంగు వేసుకోమన్నాను కదా."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే అందరూ జాలిపడి జవాబులు చేతిలో పెడతారు. నువ్వొక్కదానివే తిడతావు. తిట్టేవాళ్ళు లేకపోతే ఆడటం దేనికి?"

అప్పుడు చెప్పింది, ఇక ఆగలేక. "మెట్లు రెండే. నాలుగని కావాలనే రాశాను. నిన్ను పట్టుకుందామని."

అతను నుదురు మీద చెయ్యి పెట్టుకున్నాడు. టీ వచ్చింది, మాంసం కూరిన పాస్టీ వచ్చింది, ఈగ వాలింది, తోలలేదు. ఈ నిశ్శబ్దాన్ని ఎలా చదవాలో తెలియలేదు రేలీన్‌కు, ఇన్నేళ్ళూ నిశ్శబ్దాల్లో వస్తువులు వెతికిన మనిషికి. "ఎవరు చేశారు నిన్నిలా?" అన్నాడు చివరికి. ఆరేళ్ళలో అడగనిది అడిగాడు. చెప్పింది. చెవిమందు, జడ రబ్బరు, ఈల పాట. చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పనిది, ఎదుటివాడి చూపు మొహం మీద లేదు కాబట్టి చెప్పగలిగిందేమో. అతను ఓదార్చలేదు. అయ్యో అనలేదు. "కారు సొరుగు ఎవరు వెతుకుతారులే," అన్నాడు అంతే, పాస్టీ తుంచుకుంటూ. తరువాత, "ట్యాబ్ తెచ్చావా? పూలతోట గది అయిందా?"

అవలేదు. మూడు రోజులుగా ఒక్క వస్తువు దొరకడం లేదు. చేతి తొడుగు. హింట్ ఇవ్వని కష్టమైన స్థాయిలో ఆడుతున్నారు, పంతానికి. ట్యాబ్ తీసి మధ్యలో పెట్టింది, పెట్టి, అతనికి మధ్యలో పెట్టినా ఒకటే అని తట్టి, కుర్చీ అతని పక్కకు జరుపుకుంది. "ఎడమ నుంచి మొదలుపెట్టు. తొందరేం లేదు. బస్సు మూడింటికి," అన్నాడు. చెప్పింది. పగిలిన అద్దాల గది. తుప్పుపట్టిన నీళ్ళడబ్బా. చిలక లేని పంజరం. గోడంతా పాకిన తీగ. పాకే తీగే, వయొలిన్‌ది కాదు. బల్ల మీద నాలుగు కుండలు, ఒకదాంట్లో గడ్డపార. "తీగ ఆకులు ఎలా ఉన్నాయి?" మూడేసి చీలికలు. "అన్నీనా?" అన్నీ. "లెక్కపెట్టి చెబుతున్నావా, చూసి చెబుతున్నావా?" అని అడిగాడు, గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగాడు, ఎందుకంటే ఇక అతనికి వేరే దారి లేదు, ఆమె ఏది చెబితే ఆ గదిలో అదే ఉంటుంది.

రేలీన్‌ ఆరేళ్ళుగా ఎవరు తనను మోసం చేస్తారా అని కాచుకుని కూర్చుంది, ఎవరైనా తన మాట మీద పూర్తిగా బరువు వేసి నిలబడతారని ఒక్కసారి అనుకోలేదు. కళ్ళజోడు తుడుచుకుంది. తెర మీద వేలు పెట్టి, మొదటి ఆకు నుంచి, ఒక్కొక్కటే, పైకి వినబడేలా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మూడు. మూడు. మూడు. బేకరీ ఆవిడ గల్లా దగ్గర నుంచి వింతగా చూస్తోంది. మూడు. కిటికీ చట్రం మూల, నీడ పులిమినచోట, వేలు ఆగింది.

"అయిదు," అంది.

"అది ఆకు కాదు," అన్నాడు మెర్విన్.

నొక్కింది. ఆకుపచ్చ తొడుగు తీగలోంచి ఊడి, అయిదు వేళ్ళూ చాచి, చిట్టాలోకి ఎగిరిపోయింది. తోట చివర తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. ఆ చప్పుడు అతనికీ వినబడింది, కిటికీ వైపు తిప్పిన మొహం వెలిగింది. "ఏముంది లోపల?"

నేలమాళిగ, పాత సామాను, మామూలే అనబోయి ఆగింది. టీ కప్పు పక్కకు జరిపి, తెర దగ్గరికి వంగి, ఎడమ గోడకు పట్టిన బూజు నుంచి మొదలుపెట్టింది.